శ్రీవిద్య నీడ కడపకు పోయిన రోజు

బద్వేలులో ధనుంజయ స్టీలు సామాన్ల అంగడి ఆయన ఇంటి ముందు భాగంలోనే ఉండేది. పొద్దున ఏడున్నరకు అంగడి చెక్కలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించేవాడు. బిందెలు, గంగాళాలు బయట వరసగా పెట్టి, గరిటెల గుత్తులు కొక్కేలకు తగిలించేవాడు. లోపల ఆయన భార్య సుచరిత కూతురికి రాగిజావ తాగించి, తల దువ్వి, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేది. పదమూడేళ్ళ శ్రీవిద్య జడలు వేయించుకొని మళ్ళీ దిండుకు ఆనుకొని పడుకునేది. తొమ్మిది కాగానే ఆమె నీడ మంచం దిగి, గడప దాటి, అంగట్లో బిందెల మీద ఒకసారి వంకరటింకరగా సాగి, వీధిలోకి వచ్చి బడికి పోయేది.

ఆగస్టులో శ్రీవిద్యకు జ్వరం వచ్చింది. కీళ్ళు వాచాయి. నెల తర్వాత జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ గుండెను తాకిపోయిందన్నాడు ఊళ్ళో డాక్టరు. మూడు వారాలకొక సూది వేయించుకోవాలి. ఆరు నెలలు మంచం మీదే ఉండాలి. ఉరకకూడదు, మెట్లెక్కకూడదు, బస్సెక్కకూడదు. శ్రీవిద్య మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు నుంచి నీడ బడికి పోవడం మొదలుపెట్టింది.

ఎనిమిదో తరగతి గదిలో కిటికీ పక్క బెంచీ మీద, స్నేహితురాలు శివకుమారి పక్కన కూర్చునేది నీడ. శాంతయ్య సారు లెక్కలు చెప్పేటప్పుడు దాన్ని తొక్కకుండా ఒక అడుగు పక్కకు జరిగి నిలబడేవాడు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు పిడికెడంతై బెంచీ కిందికి చేరేది. సాయంత్రం మళ్ళీ సాగి, మైదానంలో పిల్లలతో ఖోఖో ఆడి, పొద్దు వాలేసరికి ఇంటికొచ్చి శ్రీవిద్య పాదాల కింద సర్దుకునేది. సర్దుకోగానే ఆనాటి పాఠాలన్నీ శ్రీవిద్యకు తెలిసిపోయేవి. ఆట కూడా తెలిసేది గానీ, అది చల్లారిపోయిన అన్నంలాగా ఉండేది. ఎవరు గెలిచారో తెలుసు, ఎంత ఉరికిందో తెలుసు, ఒంటికి చెమట మాత్రం ఉండదు.

దసరా సెలవుల్లో సుచరిత అన్న కొడుకు కళ్యాణ్ బెంగళూరు నుంచి వచ్చి రెండు రోజులున్నాడు. ఇంజనీరింగు చదివే పిల్లవాడు. అతని జేబులో చేతిలో ఇమిడే వీడియోగేము ఒకటుంది. కళ్ళద్దాల పెట్టెకన్నా కొంచెం పెద్దది, రంగుల తెర, రెండు పక్కలా మీటలు. తెర మీద ఎర్ర అంగీ తొడుక్కున్న చిన్న మనిషి కొండల మీద ఉరుకుతాడు. రాయి అడ్డమొస్తే దూకుతాడు, వాగొస్తే దాటుతాడు. కళ్యాణ్ దాన్ని శ్రీవిద్య చేతిలో పెట్టి ఒంటిమిట్టలో గుడి చూసొస్తానని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల ఆటలో అతనికన్నా దూరం పోయింది. రెండు నెలల్లో మొదటిసారి ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

కళ్యాణ్ తన వస్తువు తీసుకొని వెళ్ళిపోయిన సాయంత్రం, శ్రీవిద్య అంగడి మూసి వచ్చిన తండ్రిని దగ్గరికి పిలిచింది.

“నాయనా, నాకు అట్లాంటిది కొనిస్తావా?”

“అంత బాగుండాదా అది?”

“దాంట్లో ఉరికేది నేనే నాయనా. నీడ ఉరికితే నాకు సాయంత్రం తెలుస్తాది. దాంట్లో అయితే అప్పుడే తెలుస్తాది.”

ధనుంజయకు కొనివ్వాలనే ఉంది. సుచరితకు లేదు. ఆ రెండు రోజులూ ఆమె కూతురి మొహమే చూస్తూ కూర్చుంది. ఆడేటప్పుడు పిల్లకు బుగ్గలు ఎర్రబడుతున్నాయి, ఊపిరి బిగబడుతున్నది, మెడ దగ్గర నరం కొట్టుకుంటున్నది. డాక్టరు గుండెకు విశ్రాంతి ఇమ్మంటే మనం పరుగుపందెం తెచ్చి చేతిలో పెట్టేదా అని ఆమె అడిగింది. ఒట్టిగా పడుకోబెట్టి గోడను చూపిస్తే మాత్రం గుండెకు మంచిదా అని ఆయన అడిగాడు. వారం రోజులు ఇద్దరూ ఇదే మాట మీద ఉన్నారు. అన్నం వడ్డించేటప్పుడు ఒకరు మొదలుపెడితే, దీపం పెట్టేటప్పుడు ఇంకొకరు అందుకునేవారు.

అంగడికి వచ్చేవాళ్ళూ తలా ఒక మాట చెప్పారు. బిందెలు మార్పించుకోవడానికి వచ్చిన గురమ్మ, కండ్లు పోతాయంట అన్నది. శాంతయ్య సారు కుక్కరుకు రబ్బరు కొనడానికి వచ్చి, నీడ బాగా చదువుతున్నదనీ, పాప మనసు ఆటలో పడితే నీడ మనసు పాఠంలో ఉంటుందో ఉండదో తనకు తెలియదనీ అన్నాడు. అయినా పసిపిల్ల గదా అని మళ్ళీ తనే అన్నాడు. రబ్బరు జేబులో వేసుకొని వెళ్ళిపోయాడు.

చివరికి సుచరిత ఒక షరతు పెట్టింది. ఒక నెల రోజులు ఆయాసం రాకుండా ఉంటే కొనిద్దాం. ఒక్కసారి వచ్చినా మాట ఎత్తకూడదు. శ్రీవిద్య ఒప్పుకుంది.

నెల రోజులు సుచరిత రోజుకు మూడుసార్లు అడిగింది. ఆయాసముందా అమ్మా? లేదమ్మా. ఎద బరువుగా ఉందా? లేదు. పిల్ల నవ్వుతూనే చెప్పేది. ముందుకన్నా తక్కువ మాట్లాడుతున్నదని, స్నానాల గది నుంచి మంచం దాకా గోడ పట్టుకొని వస్తున్నదని సుచరిత చూసింది గానీ, పడుకొని పడుకొని కాళ్ళు పట్టు తప్పాయనుకుంది. నీడ బడి నుంచి తొందరగా వచ్చేస్తున్నదని ధనుంజయ చూశాడు గానీ, చలికాలం పొద్దులు పొట్టివి గదా అనుకున్నాడు.

నెల తిరిగింది. డిసెంబరు మొదటి వారంలో ఒక శుక్రవారం ధనుంజయ కడపకు బయల్దేరాడు. అక్కడ గాబ్రియేలు అనే ఆయన చెన్నై నుంచి ఇలాంటి వస్తువులు తెప్పిస్తాడని కళ్యాణ్ ఫోన్లో చెప్పాడు. రకాలు చాలా ఉంటాయట. ఏది బాగుందో తనకేం తెలుసని ధనుంజయ బెంగపడ్డాడు.

“నా నీడను తీసుకుపో నాయనా,” అంది శ్రీవిద్య. “అది చూసుకోనొస్తాది. ఈ రోజు బడికి పోకపోతే ఏం కాదు.”

బస్సులో కండక్టరు బొజ్జన్న నీడకు టికెట్టు కొట్టలేదు. సీటు ఖాళీ లేకుంటే మాత్రం నిలబడాల్సిందేనప్పా అన్నాడు. కిటికీ పక్కనున్న ఒక ముసలామె సంచి ఒళ్ళోకి తీసుకొని కాస్త చోటిచ్చింది. నీడ తండ్రి భుజానికి ఆనుకొని కూర్చుంది. బస్సు లంకమల కొండల మలుపులు తిరిగింది. సిద్ధవటం దగ్గర పెన్న మీదికి వచ్చినప్పుడు నీడ కిటికీలోంచి జారి ఇసుక మీద పడింది. బస్సుతోపాటు ఇసుకలో పరుగెత్తుతూ, మధ్యలో సన్నగా పారుతున్న నీళ్ళను తాకి, వంతెన చివర మళ్ళీ సీట్లోకి వచ్చింది. వచ్చాక చాలాసేపు వంగి కూర్చుంది. ధనుంజయ చూడలేదు. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. సుచరిత మాట తప్పదు, కొనమనే అంది. అయినా ఆమె ఆ మాట అనేటప్పుడు మొహం పక్కకు తిప్పుకొని బియ్యంలో రాళ్ళేరుతూ ఉంది.

కడప బస్టాండులో దిగి నడుస్తుంటే నీడ వెనకబడింది. జనం తొక్కుతున్నారేమోనని ఆయన రోడ్డు వదిలి గోడల వెంబడి నడిచాడు. గోడ మీద పడితే నీడకు సుఖంగా ఉంటుందనుకున్నాడు. అప్పటికీ అది ప్రతి అంగడి దగ్గరా ఆగుతున్నది. బొమ్మల అంగడి ముందు ఆగితే సరేననుకున్నాడు. సున్నం బస్తాలు అమ్మే కొట్టు ముందు కూడా ఆగితే ఎందుకో అర్థం కాలేదు.

గాబ్రియేలు అంగడి మిద్దె మీద ఉంది. నిటారు మెట్లు పదిహేనో పదహారో ఉంటాయి, పైన ఒక గవాక్షం లోంచి ఎండ పడుతున్నది. నీడ మూడు మెట్లెక్కి ఆగింది. తర్వాత రెండెక్కి కూర్చుంది. దాని భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి. రామ్మా అన్నాడు ధనుంజయ. అది లేచి ఇంకో రెండెక్కి మళ్ళీ కూర్చుంది. ఆయన కిందికి దిగొచ్చి దాని పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. అది లేచినప్పుడే తనూ లేచాడు.

గాబ్రియేలు యాభై దాటిన మనిషి. బల్ల మీద విప్పిన రేడియోలు, గడియారాలు. ధనుంజయ వచ్చిన పని చెప్పగానే నాలుగు వీడియోగేములు తెచ్చి గుడ్డ మీద పరిచాడు. ఆడేదెవరు అని అడిగాడు. ధనుంజయ నీడను చూపించాడు. గాబ్రియేలు తల ఊపి, టేబులు లైటు వెలిగించి, ఒక వీడియోగేమును లైటుకు అడ్డంగా నిలబెట్టాడు. దాని నీడ గోడ మీద పడింది. శ్రీవిద్య నీడ గోడ దగ్గరికి పోయి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. బల్ల మీద అసలు వస్తువులో మీటలు వాటంతటవే కిందికి పోయి పైకి లేచాయి. తెర మీద చిన్న మనిషి ఉరకడం మొదలుపెట్టాడు.

“బాగా ఆడ్తాండాది పాప,” అన్నాడు గాబ్రియేలు. “ఇంత దూరం నేను కూడా పోలేదప్పా.”

చిన్న మనిషి రాళ్ళు దూకాడు, వాగు దాటాడు, రెండో కొండ ఎక్కాడు. అక్కడ ఒక పక్క మీటలు ఆగిపోయాయి. చిన్న మనిషి దూకలేక లోయలో పడ్డాడు. ధనుంజయ తెర మీంచి కళ్ళు తీసి గోడ వైపు చూశాడు. నీడ ఒక్క చేత్తోనే ఆడుతున్నది. రెండో చెయ్యి గుండె మీద గట్టిగా ఒత్తుకొని ఉంది.

ధనుంజయ లేచి గోడ దగ్గరికి పోయాడు.

“విద్యమ్మా, ఎన్నాళ్ళ నుంచి ఇట్లుండాది?”

నీడ గభాలున చెయ్యి తీసి వీపు వెనక దాచుకుంది. తప్పు చేసినప్పుడు శ్రీవిద్య అచ్చం అట్లాగే దాచుకుంటుంది. షరతు పెట్టింది తామే. ఆ పిల్ల నెల రోజులు ఊపిరి మింగుతూ, లేదమ్మా లేదమ్మా అని చెప్పింది.

గాబ్రియేలు లైటు ఆర్పి, కుర్చీ ముందుకు జరిపి, మంచినీళ్ళ చెంబు అందించాడు. వెనక వీధిలో గుండె డాక్టరు ఉన్నాడనీ, మంచి మనిషనీ చెప్పాడు. వస్తువులు తిరిగి పెట్టెలో పెడుతూ, నేను సాయంత్రం దాకా ఉంటా, తొందరేం లేదు అన్నాడు.

డాక్టరు పడుచువాడు. ధనుంజయ చెప్పిందంతా విని, పిల్లను తేకుండా నీడను తెచ్చినందుకు ఏమీ అనలేదు. స్టెతస్కోపు బల్ల మీదే ఉంచేశాడు. ఎక్స్‌రేలు చూసే తెల్లటి దీపం పెట్టె గోడకు ఉంది. స్విచ్చి వేసి, దాని ముందు నిలబడమన్నాడు.

“ఎక్స్‌రే కూడా ఒక నీడే కదండీ,” అన్నాడు.

నీడ దీపం ముందు నిలబడింది. దాని లోపల, ఎడమ వైపు, ఇంకొంచెం చిక్కని నీడ ఒకటి కనబడింది. అది తెరుచుకోబోయి ఆగుతున్నది, మళ్ళీ తెరుచుకోబోయి ఆగుతున్నది. డాక్టరు ఒక నిమిషం గడియారం పట్టుకొని చూశాడు. తర్వాత ధనుంజయను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. గుండెలో ఒక తలుపు బిగుసుకుపోయింది, రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో చేరుతున్నది. సూదులతో విశ్రాంతితో తగ్గేది కాదిక. తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం పంపి, దాని చివర బెలూను ఉబ్బించి ఆ తలుపు తెరుస్తారు. తిరుపతిలో చేస్తారు. ఈ వారంలోనే తీసుకుపోవాలి, కార్లో, దిండ్లు ఎత్తుగా పెట్టి. ఇంకో రెండు నెలలు పోయివుంటే తను ఇంత ధైర్యంగా మాట్లాడగలిగేవాణ్ణి కాదన్నాడు. కాగితం రాసిచ్చాడు.

బయటికి వచ్చాక ధనుంజయ ఒక టీకొట్టు దగ్గర నిలబడ్డాడు. నీడ ఆయన చెప్పుల దగ్గర ముడుచుకొని కూర్చుంది. ఇప్పుడు ఆ వీడియోగేము సంగతి ఏంది? పిల్ల షరతు తప్పింది, పైగా అబద్ధమాడింది. కొనిస్తే అబద్ధానికి బహుమానం ఇచ్చినట్టు. కొనకపోతే, నిజం బయటపడినందుకు శిక్ష వేసినట్టు. ఇక జన్మంతా ఆ పిల్ల తన నొప్పి తనే దాచుకుంటుంది. టీ చల్లారిపోయింది. ఆయన తాగకుండానే గ్లాసు పెట్టేశాడు. నీడను ఎండ పట్టున అరుగు మీద కూర్చోమని చెప్పి, ఒక్కడే గాబ్రియేలు అంగడి మెట్లెక్కాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. నీడ తలవంచుకొని పోయి శ్రీవిద్య పాదాల కింద సర్దుకుంది. ఆ పిల్ల మొహం పాలిపోయింది. జరిగిందంతా తెలిసిపోయింది. ధనుంజయ సుచరితను మంచం దగ్గరికి పిలిచి, డాక్టరు కాగితం చేతికిచ్చి, మొత్తం చెప్పాడు.

“నాకు చెప్పలేదేమే?” అంది సుచరిత కూతురితో.

“ముందు ఆట కోసమే చెప్పలేదు,” అంది శ్రీవిద్య. “తర్వాత నిజంగానే ఎక్కువైంది. అప్పుడు చెప్తే నువ్వు నీ షరతు వల్లే అనుకొని ఏడుస్తావని.”

సుచరిత ఏడ్చింది. ఏడుస్తూనే కూతురి వీపు కింద ఇంకో దిండు పెట్టింది. ఆమె కుదుటపడ్డాక ధనుంజయ సంచిలోంచి అట్టపెట్టె తీశాడు. ఇద్దరూ దాన్ని చూశారు. ఆయన దాన్ని శ్రీవిద్యకు ఇవ్వలేదు. సుచరిత ఒళ్ళో పెట్టాడు.

“ఒప్పందం తప్పింది కాబట్టి ఇది పాపది కాదు. నీది. పాపకు కావాల్నంటే నిన్ను అడుగుతాది. నువ్వు ఆయాసముందా అని అడుగుతావు. ఉండాదని చెప్పినా సరే, రొంతసేపు ఇయ్యి.”

సుచరిత పెట్టె విప్పి, ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూసింది. కూతురి వైపు చూసింది.

“ఆయాసముందా?”

“ఉండాదమ్మా,” అంది శ్రీవిద్య. అంటుంటే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళొచ్చాయి. నెల రోజులుగా మోసిన బరువు దించినట్టు మంచం మీద వాలిపోయింది. సుచరిత వీడియోగేము ఆమె చేతిలో పెట్టింది.

నాలుగో రోజు తిరుపతిలో శ్రీవిద్యను తోపుడుమంచం మీద లోపలికి తీసుకుపోయారు. గుమ్మం దగ్గర నర్సు ఆగి, లోపల నీడ పడని దీపాలుంటాయి, నీడ బయటే ఉండాల అంది. నీడ దిగి, బెంచీ మీద తల్లిదండ్రుల మధ్యలో కూర్చుంది. దాని ఊపిరి ఇద్దరికీ కనబడుతున్నది, పొట్టిగా, తొందర తొందరగా. సుచరిత దాన్ని చూడలేకపోయింది. చేతులు ఊరికే ఉండలేక, సంచిలోంచి వీడియోగేము తీసింది. అంతకుముందు ఆమె ఎప్పుడూ ఆడలేదు. చిన్న మనిషి మొదటి రాయికే తగిలి పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. ఇరవైసార్లు పడ్డాక మొదటి రాయి దూకాడు. నీడ ఆమె భుజం మీంచి వంగి తెర చూస్తున్నది. ఆమె ఎక్కడ మీట నొక్కాలో తెలియక తడబడితే, తన చీకటి వేలు ఆ మీట మీదికి జరిపి చూపిస్తున్నది.

గంటన్నర గడిచింది. చిన్న మనిషి వాగు ఒడ్డుకు వచ్చాడు. అప్పుడు ధనుంజయ సుచరిత మోచేయి పట్టుకున్నాడు. నీడ నిటారుగా కూర్చుంది. దాని భుజాలు మెల్లగా పైకి లేచాయి, లేస్తూనే ఉన్నాయి. అంత పొడుగు ఊపిరి దానికి ఆగస్టు నుంచి లేదు. తర్వాత మెల్లగా దిగాయి. మళ్ళీ లేచాయి. అది బెంచీ మీద కాళ్ళు చాపుకొని, సుచరిత ఒళ్ళో తల పెట్టుకొని పడుకుంది. డాక్టరు తలుపు తెరుచుకొని బయటికి వచ్చి, అంతా బాగా జరిగిందని చెప్పేసరికి ఆ ఇద్దరికీ ఆ సంగతి తెలిసి పది నిమిషాలైంది.

మార్చి నాటికి శ్రీవిద్య ఇంట్లో తిరగసాగింది. సూదులు ఇంకా చాలా ఏళ్ళు వేయించుకోవాలన్నారు. నడవొచ్చు, ఆడొచ్చు, అలసట అనిపిస్తే చెప్పాలి. వీడియోగేము సుచరిత దగ్గరే ఉంది. మధ్యాహ్నం గిన్నెలు తోమి, గడప దగ్గర గాలికి కూర్చొని ఆమె ఆడేది. మూడో కొండ దాటడానికి నెల పట్టింది. నాలుగో కొండ మీద మంచు ఉంటుంది, కాలు జారుతుంది.

ఒక సాయంత్రం శ్రీవిద్య వచ్చి పక్కన కూర్చుంది.

“అమ్మా, ఇయ్యి.”

“ఆయాసముందా?”

“లేదు.”

సుచరిత తెర మీంచి కళ్ళెత్తి కూతురి మెడ దగ్గర నరం చూసింది, పెదాల రంగు చూసింది. నిజమే చెబుతున్నదని నిశ్చయం చేసుకొని మళ్ళీ తెర వైపు తిరిగింది.

“ఉండవే. ఇంకా మంచు దాటలేదు.”

శ్రీవిద్య కాసేపు చూసింది. అమ్మ ఇచ్చేలా లేదు. లేచి చెప్పులు తొడుక్కొని, అంగట్లో తండ్రికి శివకుమారి ఇంటికి పోతున్నానని చెప్పి, వీధిలోకి దిగింది. ఎండ వెనకనుంచి పడుతున్నది. నీడ ఆమె ముందు పొడుగ్గా నడుస్తున్నది. శివకుమారి ఇల్లు ఎడమ పక్కనుంది. మలుపు దగ్గరికి రాగానే నీడ అలవాటు కొద్దీ కుడికి తిరిగింది. అటు బడి మైదానంలో పిల్లలు ఖోఖోకు వరస కూర్చుంటున్నారు. శ్రీవిద్య ఒక్క క్షణం ఆగి, జడలు రెండూ వెనక్కి వేసుకొని, దాని వెంట ఉరికింది.